మైకులో రాని ఊరు

కర్నూలు మునిగిన ఏడాది అది. వరద తీసి నాలుగు నెలలు దాటింది. ఆ శనివారం మధ్యాహ్నం కొత్తగూడలో, నారాయణప్ప ఇంట్లో, గొడవంతా ఒక కంచం దగ్గరికి వచ్చి నిలబడింది.

సరోజమ్మ నాలుగు కంచాలు పెట్టింది. వచ్చిన పిల్లలు మాత్రం ముగ్గురే. కొడుకు యశ్వంత్, అతని బ్యాండులో కీబోర్డు వాయించే మౌనిక, కొత్తగా డ్రమ్ముల మీదికి వచ్చిన పార్థసారథి. నారాయణప్ప ఎప్పటిలాగే గోడవారగా వేరే కూర్చున్నాడు.

నాలుగో కంచం అంచంతా సొట్టలే. సంగటి వచ్చేలోపు చెంచాతో ఆ అంచు మీద దరువు వేయడం భాస్కర్ అలవాటు. నాలుగేళ్ళు వేసి వేసి దాన్ని అట్లా చేశాడు. అతను ఈ గడప తొక్కి ఏడు వారాలైంది.

పార్థసారథి ఏమీ తెలియక ఆ కంచం ముందే కూర్చోబోయాడు.

"అది కాదు నాయనా, ఈ పక్కకు రా" అంది సరోజమ్మ.

"అమ్మా, ఆ కంచం తీసెయ్" అన్నాడు యశ్వంత్.

"ఏమిటికి తీయల్ల?"

"రాని మనిషికి కంచం ఎందుకు?"

"వస్తే పెట్టేదానికి."

మౌనిక తల వంచుకొని నీళ్ళు తాగింది. పార్థసారథికి ఎక్కడ కూర్చోవాలో తోచక, ఒక మోకాలు నేలకానించి అట్లాగే ఉండిపోయాడు.

యశ్వంత్ తండ్రి వైపు తిరిగాడు. సాయంత్రం గచ్చిబౌలి కంపెనీ గ్రౌండులో ప్రోగ్రాం ఉంది. జిల్లాల పేర్లు గానీ ఊర్ల పేర్లు గానీ మైకులో వినబడితే మధ్యలో కరెంటు తీసేస్తామని కంపెనీవాళ్ళు చెప్పారట. వచ్చేవాళ్ళలో సగం మంది తెలంగాణ కావాలనేవాళ్ళు, సగం మంది వద్దనేవాళ్ళు. క్యాంటీన్లలో కూడా వేరు వేరు బల్లల దగ్గర తింటున్న రోజులు. ఇదంతా చెప్పి, చివరికి అసలు మాట అన్నాడు.

"నాన్నా, సాయంత్రం పార్థసారథి పేరు చెప్పు చాలు. భాస్కర్ పేరు ఎత్తితే నేను పాడను. స్టేజీ దిగిపోతా."

నారాయణప్ప సంగటి ముద్దను పప్పులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు. నమలడం అయ్యాక ఇంకో ముద్ద తీశాడు. 

ఇంట్లో అతను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ముప్పై ఏళ్ళ కాపురంలో సరోజమ్మ అతని గొంతు పూర్తిగా విన్నది ఇంట్లో కాదు, మైకులోనే.

పిల్లలు లేచి సామాను సర్దుకుంటుంటే ఆమె ఖాళీ కంచం ముందు కూర్చుంది.

"వెయ్యిమంది ముందర నిలబడి అందరి ఊరూపేరూ చెప్తావు" అంది భర్తతో, మెల్లగా. "భాస్కర్ వాళ్ళమ్మ ఒక్కదాని ముందర నిలబడి తప్పైందని చెప్పలేవు. ఖాజాగూడ ఏమన్నా కాశీలో ఉండాదా? ఆటో ఎక్కితే పది నిమిషాలు."

అతను చేయి కడుక్కొని బయటికి వెళ్ళాడు.

నారాయణప్ప చదివింది మూడో తరగతి దాకా. కర్నూలు పక్కన ఊరూరా పద్యనాటకాలకు మైకుసెట్టు మోసుకుపోయేవాడు. నాటకానికి ముందు వేషగాళ్ళ పేర్లు చదవాల్సిన పెద్దమనిషి ఒకరోజు తాగి పడిపోతే మైకు ఇతని చేతికి వచ్చింది. చదవడం సరిగా రాదు కాబట్టి, పేర్లు చదవకుండా తనకు తెలిసింది చెప్పాడు. హరిశ్చంద్రుడి వేషం వేసేవాడు ఏ ఊరివాడో, వాళ్ళమ్మ ఎవరో, పొద్దున్నే వాళ్ళింట్లో తను ఏం తిన్నాడో. జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత నాటకం కోసం ఎంతమంది వచ్చేవాళ్ళో, ఆ నాలుగు మాటల కోసమూ అంతమంది వచ్చేవాళ్ళు.

హైదరాబాదు వచ్చి కొత్తగూడలో సౌండు షాపు పెట్టాక ఆ మాటలు గొంతులోనే ఉండిపోయాయి. యశ్వంత్ కంపెనీ ఉద్యోగంలో చేరి, మౌనికతో, ఆఫీసు క్యాబు తోలే భాస్కర్‌తో కలిసి బ్యాండు పెట్టాడు. అపార్టుమెంట్లవాళ్ళు మోతకు ఒప్పుకోకపోతే ఖాజాగూడ గుండ్ల మధ్యకు పోయి సాధన చేసేవాళ్ళు. అందుకే దానికి గుండ్లగుట్ట అని పేరు పెట్టుకున్నారు. ఊగి ఊగి పాడే రాక్ పాటలు. ఒక్క ముక్క కూడా నారాయణప్పకు అర్థమయ్యేది కాదు. అయినా గ్రౌండు మాట్లాడేదీ, పోలీసు పర్మిషను తెచ్చేదీ, టికెట్లు అమ్మించేదీ అతనే అయ్యాడు.

మొదటి ప్రోగ్రాములో స్టేజీ మీద మాట్లాడాల్సిన అమ్మాయి ట్రాఫిక్కులో ఇరుక్కుపోయింది. మైకు మళ్ళీ అతని చేతికే వచ్చింది.

"పొద్దంతా కంప్యూటర్ల ముందర మెడలు వంచిన బిడ్డల్లారా" అన్నాడు. "ఇప్పుడు తలకాయలెత్తండి. ఇది గుండ్లగుట్ట. వీళ్ళ పాట నాకు తెలీదు. వీళ్ళమ్మల చేతి తిండి మాత్రం తిన్నా. అంత కమ్మని తిండి తిన్నోళ్ళు చెడ్డపాట పాడరు."

అంతే, గ్రౌండు ఊగిపోయింది.

అప్పటినుంచి అదొక పద్ధతి అయింది. ఎవరింట్లో అన్నం తినలేదో వాళ్ళ పేరు అతను మైకులో చెప్పడు. తిన్నాకే చెప్తాడు. పేరు, ఊరు, తల్లి పేరు, ఆమె వండింది. చెప్పి ఆగుతాడు. ఆ ఆగిన చోట పిలిపించుకున్నవాళ్ళు తమ వాయిద్యం మీద ఒక్క దెబ్బ కొట్టి పలకాలి. యశ్వంత్ తీగ మీటేవాడు. మౌనిక ఒక మెట్టు నొక్కేది. భాస్కర్ పెద్ద డ్రమ్ము మీద ధన్‌మని ఒక్కటే కొట్టేవాడు. దానికి జనం గుండెల మీద చేతులు పెట్టుకునేవాళ్ళు.

ఒకసారి వాన పడితే, "ఈ వానకు టికెట్టు లేదు, అయినా వచ్చింది, కూర్చోనీండి" అన్నాడు. జనం తడుస్తూ నిలబడ్డారు, ఒక్కరూ పోలేదు. ఇంకోసారి భాస్కర్ తల్లి పోచమ్మ వండిన తలకాయ కూర గురించి ఎంతసేపు చెప్పాడంటే, మర్నాడు ఆమె ఆఫీసులో ఊడుస్తుంటే పిల్లలు వచ్చి భోజనానికి ఎప్పుడు పిలుస్తావని అడిగారట. ఆమె ఆ సంగతి వాడంతా చెప్పుకుంది.

మరి డిసెంబరు ఆఖరి రోజు ప్రోగ్రాములో ఏమైంది?

తెలంగాణ ఇస్తామన్న ప్రకటన వచ్చి, రెండు వారాలకే అది వెనక్కి పోయిన రోజులు. ఊర్ల పేర్లు వద్దని అప్పుడు కూడా చెప్పారు. నారాయణప్ప సరేనన్నాడు. మౌనిక ఊరు చెప్పలేదు. భాస్కర్ ఊరు చెప్పలేదు. తల్లి పేరు కూడా ఎందుకులే అనుకొని మింగేశాడు. కానీ మూడు నెలలుగా మైకు పడితే చాలు, కర్నూలుకు బట్టలివ్వండి, బియ్యమివ్వండి అని అడిగి అడిగి నాలుక ఆ దారికి అలవాటు పడింది. కొడుకు దగ్గరికి వచ్చేసరికి, "వరదలో మునిగిన మా కర్నూలు బిడ్డ యశ్వంత్" అనేశాడు.

తను అన్నట్టు అతనికి తెలియనే లేదు.

ఆ రోజు భాస్కర్ కొట్టాల్సిన దెబ్బ కొట్టాడు, ప్రోగ్రాం మొత్తం వాయించాడు. అయిపోయాక తన పుల్లలు రెండూ గుడ్డలో చుట్టుకొని నారాయణప్ప ముందు నిలబడ్డాడు.

"కాకా, అదే ఏరు గద" అన్నాడు. "ఆ ఒడ్డున మీ కర్నూలు, ఈ ఒడ్డున మా కాటమ్మదిన్నె. మా ఇల్లు గూడ వోయింది. నువ్వు అడగలే, నేను జెప్పలే. మీ ఊరు మైకుల వచ్చింది. మా ఊరు రాలే, మా అమ్మ గూడ రాలే."

ఆ బట్టల మూటలన్నీ తన బండిలో వేసుకొని కర్నూలుకు తోలింది భాస్కరే. కాటమ్మదిన్నె మలుపు మీదుగానే పోయాడు, ఆ మీదుగానే వచ్చాడు.

నారాయణప్పకు ఆ క్షణంలో ఒక్క మాట వచ్చినా సరిపోయేది. రాలేదు. మైకు అప్పటికే ఆపేశారు.

మర్నాటినుంచి భాస్కర్ ఖాజాగూడ రోడ్డు మీద తెలంగాణ జేఏసీ టెంటులో డప్పు కొడుతున్నాడని తెలిసింది. వాడు మనల్ని వదిలి రాజకీయంలోకి పోయాడని యశ్వంత్ అన్నాడు. నలుగురిలో మాట రాకుండా అట్లా అన్నాడే గానీ, భాస్కర్‌తో కలిసి సగం కట్టిన పాటను అతను మళ్ళీ ముట్టుకోలేదు. స్నేహితుడు చెప్పకుండా పోతే ఎంత నొప్పో అంత నొప్పి. ఆ నొప్పికి అతను పెట్టుకున్న పేరు కోపం.

సాయంత్రం గ్రౌండు నిండింది. అటు తెలంగాణ పిల్లలు కొందరు మెడలో గులాబీ కండువాలు వేసుకొని వచ్చారు. ఇటు ఇంకొందరు చేతులు కట్టుకొని నిలబడ్డారు. మధ్యలో నడవడానికి దారి ఉన్నట్టు ఖాళీ.

స్టేజీ వెనక మౌనిక అతనికి టీ ఇచ్చింది. అడగకుండానే ఒక సంగతి చెప్పింది.

"అంకుల్, రేపు పొద్దున భాస్కర్ వాళ్ళ టెంటు దగ్గర వంటావార్పు అంట. వాళ్ళమ్మే వండుతుందట."

అతను టీ తాగి కప్పు కింద పెట్టాడు.

"ఏమంటారు అంకుల్ ఈ రోజు?"

"ఏముంది అనేదానికి" అన్నాడు.

వెలుతురు మీద పడగానే జనం అతన్ని చూసి అరిచారు. నారాయణప్పా, నారాయణప్పా అని. ఎన్ని గొడవలున్నా ఆ అరుపు మాత్రం రెండు పక్కలనుంచీ వచ్చింది.

"పొద్దంతా కంప్యూటర్ల ముందర మెడలు వంచిన బిడ్డల్లారా" అన్నాడు.

తలకాయలెత్తండి అన్న మాట వాళ్ళే అందుకున్నారు. కొన్ని వేల తలలు లేచాయి.

మౌనిక పేరు చెప్పాడు. ఆమె పలికింది. యశ్వంత్ పేరు చెప్పాడు. ఈసారి ఊరు చెప్పలేదు. తీగ మోగింది, కొంచెం గట్టిగా. తర్వాత పార్థసారథి వైపు తిరిగాడు.

"ఈ బిడ్డ పేరు పార్థసారథి. వీళ్ళింట్లో నేనింకా అన్నం తినలేదు. పేరు చెప్పడం తప్పే. తిన్నాక సరిగ్గా చెప్తా."

జనం నవ్వారు. పార్థసారథి కూడా నవ్వి, పుల్ల ఎత్తాడు. యశ్వంత్ గిటారు సర్దుకున్నాడు. అక్కడితో అయిపోవాలి.

నారాయణప్ప మైకు దించలేదు.

"ఇంకో బిడ్డ ఉండాడు" అన్నాడు. "ఆ డ్రమ్ముల మీద నాలుగేళ్ళు కూర్చున్నాడు. పేరు భాస్కర్. తల్లి పోచమ్మ. తుంగభద్రకు ఈ పక్క ఒడ్డున, పాలమూరు జిల్లా కాటమ్మదిన్నె. మా ఊరు మునిగిన నీళ్ళలోనే వాళ్ళ ఊరు మునిగింది. మా ఊరి పేరు నేను మూడు నెలలు చెప్పినా. వాళ్ళ ఊరి పేరు ఒక్కరోజు చెప్పలేదు. ఈ రోజు చెప్తాండా. కాటమ్మదిన్నె భాస్కర్."

చెప్పి, అలవాటు ప్రకారం ఆగాడు.

ఆ ఆగిన చోట ఏమీ మోగలేదు.

పార్థసారథి చేతిలో పుల్ల పైకెత్తే ఉంది. కొడితే తన పేరు కాని పేరుకు పలికినట్టు. అతను పుల్లలు రెండూ మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఒక పక్కనుంచి జై తెలంగాణ అని ఒకే ఒక్క గొంతు లేచింది. ఇంకో పక్కనుంచి ఈల వేశారు, అది మెచ్చుకోలు ఈల కాదు. మధ్యలో ఖాళీ ఇంకొంచెం వెడల్పయింది. కంపెనీ మనిషి ఒకతను కరెంటు బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. అంత గ్రౌండులో నారాయణప్ప ఒక్కడే డ్రమ్ము వైపు చూస్తూ నిలబడ్డాడు.

యశ్వంత్ వచ్చి అతని చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"మీరు దిగండి" అన్నాడు.

పుట్టినప్పటినుంచి కొడుకు అతన్ని నువ్వు అనే పిలిచాడు. ఆ మీరు విన్నాక నారాయణప్పకు మెట్లు కనిపించలేదు. మౌనిక చేయి పట్టుకొని దించింది.

యశ్వంత్ స్టేజీ దిగిపోలేదు. గిటారు ఎత్తి, ఎవరితోనూ మాట్లాడకుండా పాట మొదలుపెట్టాడు. ఆ మోతలో రెండు పక్కలా అరుపులు మునిగిపోయాయి. బోర్డు దగ్గరి మనిషి చేయి దించాడు. పాడనన్న కొడుకు పాడాడు. కానీ పాడినంతసేపూ తండ్రి ఉన్న మూల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

అయిపోయాక సామాను ఎక్కించే బండి పక్కన ఇద్దరే మిగిలారు.

"వాడు వినడానికి ఇక్కడ లేడు కదా" అన్నాడు యశ్వంత్. "మరి ఎవరి కోసం చెప్పావు? నీ కోసం చెప్పుకున్నావు. నీ మనసు తేలికయింది, మాకు మళ్ళీ గ్రౌండు ఇవ్వరు. ఇంక ఈ బ్యాండుకు నీ మైకు వద్దు నాన్నా."

నారాయణప్ప వైరు చుడుతున్నాడు. మోచేతి చుట్టూ, బొటనవేలి చుట్టూ, మోచేతి చుట్టూ. మొత్తం చుట్టాక ముడి వేసి బండిలో పెట్టాడు. కొడుకు అన్నదానిలో తప్పేమీ కనబడలేదు. 

ఇంటికి వచ్చేసరికి నాలుగో కంచం కడిగి గోడకు ఆనించి ఉంది. సరోజమ్మకు సంగతి ఫోనులో మౌనిక చెప్పే ఉంటుంది. యశ్వంత్ గది తలుపు వేసుకున్నాడు. ఒకే కప్పు కింద ముగ్గురు మనుషులు, ఎవరి దుప్పటి వాళ్ళు కప్పుకున్నారు.

పొద్దున్నే లేచి నారాయణప్ప స్నానం చేశాడు. టీ వద్దన్నాడు. చొక్కా వేసుకొని, తువ్వాలు భుజం మీద వేసుకొని చెప్పుల్లో కాళ్ళు పెడుతుంటే సరోజమ్మ అడిగింది.

"యాడికి?"

"తినేదానికి" అన్నాడు.

ఆమె గోడకు ఆనించిన కంచం వైపు ఒకసారి చూసి, లోపలికి పోయింది.

ఖాజాగూడ చెరువు దాటాక రోడ్డు మూసేసి ఉంది. అడ్డంగా రాళ్ళు, రాళ్ళ వెనక టెంటు, టెంటు ముందు నడిరోడ్డు మీద మూడు పొయ్యిలు. వంటావార్పు అంటే అదే. రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే పంక్తులు కూర్చొని తిని, బండ్లను ఆపడం. ఆదివారం కాబట్టి ఆపడానికి పెద్దగా బండ్లు లేవు. అయినా పొయ్యిలు మండుతున్నాయి. టెంటు లోపల డప్పు మోగుతోంది. ఆ దరువు ఎవరిదో నారాయణప్పకు చూడకుండానే తెలిసింది. సంగటి రాక ముందు కంచం అంచు మీద వినబడేది అదే.

పెద్ద గిన్నె దగ్గర పోచమ్మ గరిటె తిప్పుతోంది. తెల్లారి ఆఫీసు ఊడ్చేటప్పుడు కట్టుకునే నీలం చీరే. పొగకు కళ్ళు తుడుచుకుంటూ అటువైపు తిరిగి ఉంది.

ఇస్తరాకులు పరిచారు. జనం కూర్చోవడం మొదలుపెట్టారు. నారాయణప్ప చెప్పులు రాళ్ళ దగ్గర విడిచి, రెండో పంక్తిలో చివరన పోయి కూర్చున్నాడు.

పక్కనున్న ముసలాయన సాయంగా ఆకు సర్ది పెట్టాడు. "ఏ ఊరు పెద్దమనిషీ?" అని అడిగాడు.

"కర్నూలు" అన్నాడు నారాయణప్ప.

ముసలాయన చేయి ఆకు మీదే ఆగింది. ఇటు చూశాడు, అటు చూశాడు. ఆ మాట పంక్తి వెంబడి ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. మూడు నెలలు మైకులో మోగిన పేరు అది. ఇక్కడ చెవిలో చెప్పుకుంటున్నారు. కండువా వేసుకున్న ఒకతను వచ్చి, ఇది మీరు కూసునే జాగ కాదు, లేస్తే మంచిగుంటది అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నారాయణప్ప లేవలేదు. 

డప్పు ఆగిపోయింది.

పోచమ్మ వడ్డిస్తూ మొదటి పంక్తి అయ్యి రెండో పంక్తిలోకి వచ్చింది. ఒక్కో ఆకులో ఒక్కో గరిటె. అందరినీ తినమని చెబుతూ వచ్చింది. చివరి ఆకు దగ్గర ఆమె గరిటె ఆగింది.

నాలుగేళ్ళ కింద ఆమె ఇంట్లో, చిన్న పీట మీద, తలకాయ కూర రెండుసార్లు అడిగి వేయించుకున్న మనిషి. కొడుకు పేరును ఆకాశానికి ఎత్తిన గొంతు. ఆమె అన్నీ గుర్తుపట్టింది. అయినా అడిగింది.

"ఎవలు?"

ఎంతమందినో పరిచయం చేసిన నారాయణప్ప తనను తాను ఎవరికీ ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ పని అతనికి రాదు.  ఆకు వైపు చూస్తూ చెప్పాడు.

"నీ చేతి అన్నం తిని, నీ ఊరి పేరు మింగినోణ్ణమ్మా."

పోచమ్మ గరిటెలో అన్నం పొగలు కక్కుతోంది.

"మైకుల జెప్పినవంట గద రాత్రి" అంది చివరికి. "ఎవలో వచ్చి జెప్పిండ్రు. మైకుల జెప్తే నాకెట్ల ఇనవడ్తది అన్నా? నేనీడ బియ్యం ఏరుతున్న."

"అందుకే వచ్చినా" అన్నాడు.

ఆమె తల తిప్పి టెంటు వైపు చూసింది. టెంటు గుడ్డ పక్కకు తొలిగింది. భాస్కర్ డప్పు చంకన పెట్టుకొని గుంజ పక్కన నిలబడి ఉన్నాడు. తల్లి చూపుకు అతను అవుననలేదు, కాదనలేదు.

చెరువు మీదినుంచి గాలి లేచింది. ముందే అన్నం పడిన ఆకులు కదలలేదు. ఖాళీగా ఉన్నది ఒక్క నారాయణప్ప ఆకే. అది ఎగిరిపోకుండా రెండు చేతులతో అదిమి పట్టుకొని, అతను అట్లాగే కూర్చున్నాడు.